సారథి లేని సవారీ

ఈ కళాశాలలో చేరిన నాటి నుండి మేము చదివిన పుస్తకాలు కొన్ని, ఎదురుచూసిన బస్సులు అనేకం. ఈ రెండింటిలో ఏది మాకు ఎక్కువ నేర్పినదని ఎవరైనా అడిగితే వెంటనే జవాబు చెప్పలేము. పుస్తకాలకు పరీక్ష ఏడాదికి రెండుసార్లు మాత్రమే వస్తుంది. బస్సు పరీక్ష ప్రతి సాయంకాలం ఉంటుంది.

అజీజ్‌నగర్ ఎక్కడ ఉన్నదో మా తోటి విద్యార్థులకు చెప్పనవసరం లేదు. అయినా ఈ సంచిక దూర ప్రాంతాలలో స్థిరపడిన పూర్వ విద్యార్థుల చేతికి కూడా చేరుతుంది కనుక రెండు మాటలు వ్రాస్తున్నాము. 1908లో మూసీ వరద హైదరాబాదు నగరాన్ని ముంచిన తరువాత నిర్మించిన జలాశయాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. ఈ రెండింటి నడుమ, బీజాపూర్ రోడ్డు అని పెద్దలు పిలిచే పాత రహదారి మీద మా స్టేజీ ఉన్నది. తూర్పుగా పోతే అప్పా జంక్షన్, లంగర్‌హౌజ్, మెహదీపట్నం. పడమటికి పోతే మొయినాబాద్, చేవెళ్ళ, మన్నెగూడ. నగరం మా వైపు నడిచి వస్తున్నది. పల్లె ఇంకా మమ్మల్ని విడిచి పోలేదు. మేము ఆ రెండింటి మధ్య నిలబడి బస్సు కొరకు చూస్తున్నాము.

సాయంకాలం నాలుగున్నర గంటలకు స్టేజీ వద్ద నిలబడిన వారిని లెక్కపెట్టడం మాకు అలవాటు. ఒకనాడు అరవై ఇద్దరిమి ఉన్నాము. పుస్తకాల సంచులతో మా వంటి వారు, పూలు, కూరగాయలు అమ్ముకొని ఖాళీ గంపలతో తిరిగి పోయేవారు, ఇంటి కట్టడం పని ముగించుకొని సిమెంటు దుమ్ముతో నిలబడినవారు. ఒక బస్సు వచ్చినది. దాని మెట్టు మీదనే పదిమంది వేలాడుతున్నారు. డ్రైవరు చేయి ఊపి, స్థలం లేదని సైగ చేసి ముందుకు పోయినాడు. ఆయన తప్పేమీ లేదు. నిండిన కుండలో ఇంకెంత నీరు పోయగలరు? కాని మధ్యాహ్నం రెండు గంటలకు పరీక్ష వ్రాసి బయటికి వచ్చిన రోజున అదే దారిలో అంతే పెద్ద బస్సు ఎక్కితే అందులో మేము కాక ఆరుగురు ఉన్నారు. యాభై సీట్ల బండి సాయంకాలం చిన్నదైనది, మధ్యాహ్నం పెద్దదైనది. జనం గంట గంటకూ మారుతుంటే బండి మాత్రం మారదు. నగర రవాణాలోని పెద్ద చిక్కుముడి ఇదేనని ఆనాడు మాకు తోచినది.

ఈ చిక్కును కొంతవరకు విప్పుతున్న మనిషి మా స్టేజీ వద్దనే ఉన్నాడు. అప్పా జంక్షన్‌కూ మొయినాబాద్‌కూ మధ్య సెవెన్ సీటర్ ఆటో నడిపే ఆయనను మేమందరం చాచా అని పిలుస్తాము. ఆయన ఆటోకు వేళ లేదు. నిండితే బయలుదేరుతుంది. జనం ఎక్కువైతే ఆయన వెనుక మరొక ఆటో, దాని వెనుక మరొకటి వచ్చి నిలుస్తాయి. జనం లేనప్పుడు రెండు ఆటోలు చెట్టు క్రింద ఆగిపోతాయి, ఒక్కటే నడుస్తుంది. చాచా కుమార్తె మా తరగతిలోనే చదువుతున్నది. మా ముగ్గురు స్నేహితులలో ఆమె ఒకరు.

ఈ విద్యా సంవత్సరం కళాశాల వక్తృత్వ పోటీకి "డ్రైవరు లేని వాహనాలు నగరానికి మేలు చేస్తాయా?" అన్న అంశం ఇచ్చారు. చీటీలు తీస్తే మా స్నేహితురాలికి "చేస్తాయి" అనే పక్షం వచ్చినది. ఆటో నడిపే తండ్రి బిడ్డ, డ్రైవరు అక్కరలేదని వేదిక మీద నిలబడి వాదించాలి. మార్చుకొనమని మేము సలహా ఇచ్చాము. ఆమె ఒప్పుకొనలేదు. అప్పుడు ముగ్గురం కలిసి గ్రంథాలయంలో కూర్చున్నాము. అక్కడ నేర్చుకొన్న విషయాలనూ, ఆ తరువాత స్టేజీ వద్ద నేర్చుకొన్న విషయాలనూ మిత్రుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట మమ్మల్ని ఆకర్షించినది మాడ్యులర్ వాహనం. మాలో మేము దానికి గదుల బండి అని పేరు పెట్టుకొన్నాము. మూడు మీటర్ల లోపు పొడవు గల చిన్న విద్యుత్ వాహనం ఒక గది. అందులో ఆరుగురు కూర్చొని, నలుగురు నిలబడి ప్రయాణం చేయవచ్చు. అవసరమైనప్పుడు ఇటువంటి గదులు ఒకదాని వెనుక ఒకటి వచ్చి అతుక్కొని పొడవైన బస్సు అవుతాయి. నడుమ తలుపులు తెరుచుకొంటే మనిషి ఒక గది నుండి మరొక గదికి నడిచి పోవచ్చు. దారులు విడిపోయే చోట గదులు కూడా విడిపోయి ఎవరి దారిన అవి పోతాయి. 2018 ఫిబ్రవరిలో దుబాయి నగర రోడ్డు రవాణా సంస్థ ఇటువంటి గదులను నడిపి చూపించినది.

దీనిని మా దారికి అన్వయించుకొని చూశాము. ఉదయం చేవెళ్ళ నుండి ఒక గది, మొయినాబాద్ నుండి ఒకటి, చిలుకూరు వైపు నుండి ఒకటి బయలుదేరుతాయి. అప్పా జంక్షన్ వచ్చేసరికి మూడూ కలిసి ఒకే బండి అవుతాయి. గచ్చిబౌలి పోవలసిన వారు నడుస్తున్న బండిలోనే ముందు గదిలోకి, మెహదీపట్నం పోవలసిన వారు వెనుక గదిలోకి మారుతారు. తరువాత బండి రెండుగా విడిపోతుంది. ఎవరూ దిగలేదు, ఎవరూ ఎండలో నిలబడలేదు. మధ్యాహ్నం ఆరుగురే ఉంటే ఒక గది చాలు, యాభై సీట్ల ఇనుమును ఊరికే మోసుకొని తిరగనక్కరలేదు. ఆనాడు ఎంత ఉత్సాహంతో కాగితం మీద ఈ బొమ్మ గీసుకొన్నామో చెప్పలేము.

ఆలోచన మాత్రం కొత్తది కాదు. రైలు పెట్టెలు ఒక చోట కలిసి, మరొక చోట విడిపోవడం మన పెద్దలు ఎరిగినదే. విశాఖపట్నం నుండి వచ్చిన పెట్టెలను కాజీపేట వద్ద దక్షిణ్ ఎక్స్‌ప్రెస్‌కు తగిలించి ఢిల్లీకి పంపిన కాలం ఉన్నది. రైలులో ఈ పని స్టేషనులో ఆగి, మనుషులు కష్టపడి చేస్తారు. గదుల బండిలో ఆ పనిని రోడ్డు మీద, కదులుతుండగా, యంత్రమే చేయాలి. కొత్తదనం అంతా అక్కడే ఉన్నది.

మన నగరానికి రవాణా ప్రయోగాలు కూడా కొత్త కాదు. 1932 జూన్ 15న నిజాం రాష్ట్ర రైల్వేలో రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభించారు. నేటి మన ఆర్టీసీకి మూలం అదే. ప్రజల రవాణా ప్రభుత్వం బాధ్యత అన్న భావం ఈ నేలపై ఆనాడే నాటుకొన్నది. ఆ 27 బస్సులకు 166 మంది ఉద్యోగులు అన్న లెక్క చదివినప్పుడు మేము కొంతసేపు ఆగిపోయినాము. ఒక్కొక్క బస్సు చుట్టూ ఆరేసి కుటుంబాలు! మరి గదుల బండి చుట్టూ ఎన్ని కుటుంబాలు ఉంటాయి?

ఈ ప్రశ్నే మమ్మల్ని అసలు విషయానికి తీసుకొని వచ్చినది. గదుల బండికి డ్రైవరు ఎందుకు ఉండరాదు? పదిమంది ప్రయాణికులకు ఒక డ్రైవరు చొప్పున న్యాయమైన జీతం ఇస్తే ఆ బండి గిట్టుబాటు కాదు. ఈ ఊహ నిలవాలంటే దాని నుండి డ్రైవరును తీసివేయవలసి వచ్చినది. అయితే చాచా ఆటోలో ఏడుగురికి ఒక డ్రైవరు ఉండి కూడా అది ఎట్లా గిట్టుబాటు అవుతున్నది? ఈ మాట మా స్నేహితురాలినే అడిగాము. ఆమె పుస్తకం మూసి, "మా ఇంట్లో కడుపు కట్టుకొంటాము కనుక" అన్నది. ఆ సాయంకాలం మేము ఇంకేమీ చదవలేదు.

తరువాతి రోజులలో డ్రైవరు లేని వాహనం ఎట్లా నడుస్తుందో తెలుసుకొన్నాము. అది కెమెరాలతో చూస్తుంది. లైడార్ అనే పరికరం కాంతి కిరణాలను పంపి, అవి తగిలి తిరిగివచ్చే వ్యవధిని బట్టి ఎదుటి వస్తువు దూరాన్ని కొలుస్తుంది. రాడార్ రేడియో తరంగాలతో అదే పని చేస్తుంది. ఉపగ్రహాలు బండి ఎక్కడ ఉన్నదో చెబుతాయి. వీటన్నిటినీ కలిపి కంప్యూటరు నిర్ణయం తీసుకొంటుంది. శాస్త్రజ్ఞులు ఈ స్వయంచాలకతను 0 నుండి 5 వరకు ఆరు మెట్లుగా విభజించారు. 0 అంటే మనిషే సర్వస్వం. 5 అంటే ఏ దారిలోనైనా, ఏ వాతావరణంలోనైనా మనిషి అక్కరలేదు. ఆ ఆఖరి మెట్టు ఎక్కిన వాహనం ఇంకా ప్రజల రోడ్డు మీదికి రాలేదు. దానికి ముందున్న నాలుగవ మెట్టు మీద, హద్దులు గీసిన ప్రాంతంలో, అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో 2020 నుండి డ్రైవరు లేని టాక్సీలు సామాన్య ప్రయాణికులను ఎక్కించుకొంటున్నాయి.

అమెరికా దాకా పోనవసరం లేదు. మాకు వాయవ్య దిశలో, సంగారెడ్డి సమీపాన కంది వద్ద ఐఐటీ హైదరాబాద్ ఉన్నది. అక్కడ కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక విభాగం 130 కోట్ల రూపాయల సహాయంతో టిహాన్ అనే కేంద్రం ఏర్పడినది. మనిషి నడపని వాహనాలను, డ్రోన్లను పరీక్షించే అక్కడి క్షేత్రాన్ని 2022 జూలై 4న ప్రారంభించారు. కూడళ్ళు, సంకేత స్తంభాలు మాత్రమే కాక వానను కృత్రిమంగా కురిపించే ఏర్పాటు కూడా అక్కడ ఉన్నది. ఆరు సీట్లు, పద్నాలుగు సీట్లు గల డ్రైవరు లేని విద్యుత్ బస్సులు ఆ విద్యాసంస్థ ఆవరణలో విద్యార్థులనూ అధ్యాపకులనూ తీసుకొని తిరుగుతున్నాయని 2025లో పత్రికలు వ్రాశాయి. మా వంటి విద్యార్థులే వాటిలో ఎక్కుతున్నారంటే మాకు గర్వమూ కలిగినది, కొంత అసూయ కూడా కలిగినది.

అయితే ఆవరణ వేరు, రహదారి వేరు. ఢిల్లీ మెట్రోలో 2020 డిసెంబరు 28న డ్రైవరు లేని రైలు బయలుదేరినది. దాని పట్టా మీదికి గేదె రాదు, పెళ్ళి ఊరేగింపు రాదు. దారి ఎంత విడిగా ఉంటే యంత్రానికి అంత సులువు. మా బీజాపూర్ రోడ్డు మీద దారి అందరిదీ. ట్రాక్టరు ఎదురుగా వస్తుంది. గొర్రెల మంద అడ్డంగా పోతుంది. బరాత్ గుర్రం ముందు బ్యాండు వాయిస్తూ కుర్రవాళ్ళు వెనక్కు నడుస్తారు. రోడ్డు దాటే మనిషి ఒక చేయి పైకెత్తితే ఆగుమని అర్థం, చేయి క్రిందికి ఊపితే పొమ్మని అర్థం. ఈ భాష ఏ పుస్తకంలోనూ లేదు. చాచాకు మాత్రం కంఠస్థం.

2018 మార్చి 18 రాత్రి అమెరికాలోని టెంపే నగరంలో, పరీక్షలో ఉన్న స్వయంచాలక కారు ఒకటి సైకిలు నెట్టుకొంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొని ఆమె మరణానికి కారణమైనది. దర్యాప్తు చేసిన అక్కడి జాతీయ సంస్థ ఒక విషయం బయటపెట్టినది. పాదచారులు దాటవలసిన చోట కాక మరొక చోట కూడా మనుషులు రోడ్డు దాటుతారన్న ఆలోచన ఆ వ్యవస్థ రూపకల్పనలోనే లేదు. ఇది చదివి మేము ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నాము. అజీజ్‌నగర్ స్టేజీ వద్ద గీతలు చూసి రోడ్డు దాటిన మనిషిని మేము ఇంతవరకు చూడలేదు. మేమూ దాటలేదు.

ఇంతవరకు మేము యంత్రం లోపాలను గురించి వ్రాశాము. మనిషి లోపాలను వ్రాయకుండా వదిలితే అది న్యాయం కాదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ ప్రకటించినది. ఒక్క ఏడాదిలో ఒక పట్టణం తుడిచిపెట్టుకొని పోయినట్లే. ఈ అంకె మాకు కాగితం మీది అంకెగా ఉండిపోయేది. 2025 నవంబరు 3న ఉదయం చేవెళ్ళ మండలం మీర్జాగూడ సమీపాన, మా ఇదే రహదారి మీద, కంకర లారీ ఒకటి తాండూరు నుండి వస్తున్న బస్సును ఢీకొన్నది. 19 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో చదువుకొంటున్న పిల్లలు ఉన్నారు. ఆ బస్సు మా స్టేజీ మీదుగానే నగరానికి పోవలసినది. ఆ రోజు స్టేజీ వద్ద ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

ఈ రహదారిని వెడల్పు చేయాలని ఎంతో కాలంగా కోరుతున్నారు. దాని ఇరువైపులా తరతరాల నాటి మర్రిచెట్లు వందల సంఖ్యలో ఉన్నాయి. వాటిని కాపాడాలన్న వాదం న్యాయస్థానం దాకా పోయినది, పనులు ఏళ్ళ తరబడి నిలిచిపోయినవి. చెట్టును ప్రేమించేవారు, రోడ్డును కోరేవారు ఇరువురూ మన వారే. ఒక మంచిని మరొక మంచికి ఎదురుగా నిలబెట్టకుండా ముందుగానే ఆలోచించి ఉంటే ఇంత కాలం గడిచేది కాదేమో అని మాత్రం అనిపిస్తుంది.

ఆ ప్రమాదం తరువాతనే మా స్నేహితురాలు మాకు ఇంటి రహస్యం ఒకటి చెప్పినది. ఆమె తండ్రికి రాత్రివేళ ఎదురు బండి లైటు కళ్ళలో పడితే కొంతసేపు ఏమీ కనపడదట. ఆ విషయం ఆయన ఎవరికీ చెప్పలేదు. ఒకసారి ఆమె ప్రక్కన కూర్చొని ఉండగా, లైటు పడగానే ఆయన ఆటోను నెమ్మదిగా ప్రక్కకు తీసి, సిగరెట్టు వెలిగించుకొనే నెపంతో ఆగాడు. ఆయనకు సిగరెట్టు అలవాటు లేదు. ఆమెకు అంతా అర్థమైనది. నవంబరు 3 తరువాత ఆమె తండ్రి చేత ఒట్టు వేయించుకొన్నది. మగ్రిబ్ నమాజు వేళకు ఆటో ఇంటికి రావాలి. ఆయన ఆ మాట నిలబెట్టుకొంటున్నారు. సాయంకాలపు రాబడే రోజు మొత్తానికి ముఖ్యమైన రాబడి. అది పోయినది. ఆమె ఇప్పుడు సాయంత్రాలు చిన్నపిల్లలకు ట్యూషన్లు చెబుతున్నది.

పోటీ రోజున ఆమె ఈ విషయమే చెప్పినది. పేరు చెప్పలేదు, తండ్రి అని చెప్పలేదు. "నాకు తెలిసిన ఒక డ్రైవరు ఉన్నాడు" అని మొదలుపెట్టినది. యంత్రానికి నిద్ర రాదు, ఎదురు లైటు పడినంత మాత్రాన దాని చూపు పూర్తిగా పోదు, అది తన బలహీనతను దాచుకొనవలసిన అవసరం లేదు, కనుక అది రావాలి అన్నది. చివరి నిమిషంలో, "అయితే ఆ డ్రైవరు దాచుకొనడానికి కారణం ఆయన కళ్ళు కాదు, ఆయన ఇల్లు. ఆ ఇంటికి జవాబు చెప్పిన తరువాతనే యంత్రం రావాలి" అని ముగించినది. తన పక్షానికి కట్టుబడలేదని న్యాయనిర్ణేతలు ఆమెకు మార్కులు తగ్గించారు. నియమం ప్రకారం అది సరియైనదే. ఆమెకు ద్వితీయ బహుమతి వచ్చినది.

మరునాడు చాచా ఆటోలో పోతూ మేము ఆయనతో ఈ ముచ్చట తీశాము. డ్రైవరు లేని బండి వస్తుందట చాచా అన్నాము. ఆయన కోపగించుకొంటాడని అనుకొన్నాము. నవ్వాడు. "రానీ బేటా. రాత్రి పూట అది నా కంటె మంచిగనే చూస్తదేమో. కాని ఆ అవ్వ దిగేటప్పుడు గంప ఎవరు దింపుతరు?" అన్నాడు. మా వెనుక సీటులో నిజంగానే ఒక అవ్వ గంప ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. కొంత దూరం పోయిన తరువాత ఆయనే మళ్ళీ అన్నాడు: "నేను లేకున్నా బండి నడుస్తదంటే సంతోషమే. నేను లేకున్నా ఇల్లు నడవాలె గదా."

చాచాకు ఇది మొదటి దెబ్బ కాదు. 2023 డిసెంబరు 9న మన రాష్ట్రంలో మహాలక్ష్మి పథకం వచ్చినది. ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, నగర బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం. మా కళాశాలలో ఎందరో అమ్మాయిల చదువు ఆ పథకం మీద నిలిచి ఉన్నది. చాచా కుమార్తె కూడా ఉదయం ఉచిత టిక్కెట్టుతోనే కళాశాలకు వస్తుంది. అదే పథకంతో చాచా ఆటోలో ఎక్కే ఆడవారు తగ్గిపోయినారు. రాబడి పడిపోయినదని ఆటోవారు రాష్ట్రమంతటా ఆందోళనలు చేశారు. బిడ్డకు దొరికిన మేలు తండ్రి చేతి నుండి పోయినది. ఇందులో ఎవరిని తప్పు పట్టగలము? పథకం మంచిది. ఆటో కూడా అవసరమైనదే. మంచి మార్పు వచ్చినప్పుడు దాని ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారో ముందుగా లెక్క వేయలేదు, అంతే. గదుల బండి విషయంలో ఆ లెక్క ముందే వేయాలన్నదే మేము చెప్పదలచుకొన్న ఒకే ఒక మాట.

ఉద్యోగాలు పోతాయి కనుక డ్రైవరు లేని కార్లను దేశంలోకి రానీయబోమని కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2017లో ప్రకటించారు. ఆ తరువాతి సంవత్సరాలలోనే కందిలో అటువంటి వాహనాలకు పరీక్షా క్షేత్రం సిద్ధమైనది. ఈ రెండింటిలో ఏదో ఒకటి తప్పు అని మేము అనము. భయం నిజమైనది, అవసరమూ నిజమైనది. తలుపు మూసి కూర్చోవడమూ, తలుపు తీసి ప్రక్కకు తప్పుకోవడమూ రెండూ సులువైన పనులే. తలుపు దగ్గర నిలబడి ఎవరు ముందు రావాలో, ఎవరికి చోటు చూపాలో నిర్ణయించడమే కష్టం.

మా చిన్న బుద్ధికి తోచిన క్రమం ఇది. గదుల బండి వచ్చేటట్లయితే అది మొదట ఎత్తైన భవనాల మధ్య కాక మా వంటి స్టేజీలకు రావాలి. ప్రధాన రహదారిపై పెద్ద బస్సు నడుస్తుంటే పల్లెల నుండి జంక్షన్ వరకు చిన్న గదులు నడవాలి. వేగం తక్కువగా ఉండే ఆ కొద్ది దూరంలో ప్రమాదమూ తక్కువ, అవసరమూ ఎక్కువ. ఆ గదులు ఆటోవారి సహకార సంఘాల ఆస్తిగా ఉండాలి. నేడు స్టీరింగు పట్టినవారు రేపు ఆ గదులను చూసుకొనేవారుగా, ప్రయాణికులకు తోడుగా జీతం పొందాలి. మెట్టు ఎత్తు తక్కువగా ఉండి, తెలుగులోనూ ఉర్దూలోనూ ఊళ్ళ పేర్లు పలకాలి. అక్షరం రాని అవ్వ కూడా చేయి ఎత్తితే అది ఆగాలి. మహిళలకు నేడున్న ఉచిత ప్రయాణం గది మారినంత మాత్రాన పోకూడదు. ఇవన్నీ యంత్రం చేసే నిర్ణయాలు కావు. యంత్రం రాకముందు మనుషులు కూర్చొని చేయవలసిన నిర్ణయాలు.

మా ఉర్దూ అధ్యాపకులు ఒకసారి తరగతిలో సవారీ అన్న మాటను వివరించారు. ఎక్కే బండిని సవారీ అంటారు, అందులో ఎక్కిన మనిషినీ సవారీ అనే అంటారు. "ఈ రోజు సవారీలు తక్కువ" అని చాచా అంటే ప్రయాణికులు తక్కువ అని అర్థం. బండినీ మనిషినీ ఒకే మాటతో పిలిచిన మన పూర్వులు ఎంత దూరం ఆలోచించారో! వాహనాలను తయారుచేసే ఇంజనీరింగు విద్య చదవబోయే మిత్రులు మాలో ఎందరో ఉన్నారు. రేపు కంది వంటి చోట్ల మీరే పనిచేయవచ్చు. బండి ఎట్లా కదులుతుందో లెక్క వేసేటప్పుడు ఈ మాటకున్న రెండవ అర్థం కూడా లెక్కలోకి తీసుకోవాలని మీకు మా మనవి. కళాశాల సంఘం పెద్దలకు కూడా ఒక విన్నపం. ఈ విషయంపై ఆటోవారినీ బస్సు డ్రైవర్లనూ పిలిచి, కంది వంటి కేంద్రాలలో పనిచేసే వారితో ఒక వేదిక మీద కూర్చోబెడితే అది మా పాఠ్యపుస్తకం కంటె పెద్ద పాఠమవుతుంది.

ఈ వ్యాసం పూర్తి చేసిన నాటి సాయంకాలం మేము ఎప్పటి వలెనే స్టేజీకి పోయినాము. పొద్దు వాలుతున్నది. ఒక బస్సు నిండుగా వచ్చి నిండుగానే పోయినది. మగ్రిబ్‌కు ఇంకా అరగంట ఉన్నది. చాచా ఆటో అప్పా జంక్షన్ వైపు నుండి తిరిగి వచ్చినది, అది ఆయనకు ఆ రోజు ఆఖరి ట్రిప్పు. మేము ముగ్గురం ఎక్కినాము. ముందు సీటు అంచున తండ్రి ప్రక్కన ఆమె కూర్చున్నది. వెనుక ఆ అవ్వ ఉన్నది. మొయినాబాద్ చేరేసరికి దీపాలు పెడుతున్నారు. చాచా ఆటో ఆపి దిగబోయినాడు. మేము ఆయనను ఆగమని చెప్పి, అవ్వ గంపను దింపి ఆమె నెత్తికి ఎత్తినాము.